పాఠపరిష్కరణ – జెండర్ అధ్యయనం: 'రాధికాసాంత్వనం' ముద్రణచరిత్ర ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

స్నాతకోత్తర స్థాయి తెలుగు తరగతుల్లో జెండర్, లైంగికత, సంస్కృతి అనే అంశాలను బోధించేటప్పుడు రెండు చిక్కులు ఎదురవుతుంటాయి. సిద్ధాంతాన్ని ముందుగా చెప్పి, రచనను దానికి ఉదాహరణగా కుదించడం మొదటిది. ప్రాచీన కావ్యాన్ని నేటి కొలతలతో తూచి, 'అభ్యుదయం' అనో 'అశ్లీలం' అనో తీర్పునిచ్చి ముగించడం రెండవది. వీటిని దాటే మార్గం తెలుగు సాహిత్యాధ్యయన సంప్రదాయంలోనే ఉంది. అది పాఠపరిష్కరణ. ముద్దుపళని రచించిన 'రాధికాసాంత్వనం' ముద్రణచరిత్ర ఆధారంగా ఈ అంశాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

1. పరిభాష – స్పష్టత:

'లింగం' అనే మాటకు తెలుగులో వ్యాకరణార్థం బలంగా ఉంది. చిన్నయసూరి 'బాలవ్యాకరణం' నామాలను మహత్తులు, అమహత్తులుగా విభజించింది. స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తుల వలె, బహువచనంలో మహత్తుల వలె ప్రవర్తిస్తాయి. 'ఆమె వచ్చింది', 'బండి వచ్చింది' అన్న వాక్యాలలో క్రియారూపం ఒకటే. దీనినిబట్టి తెలుగు సమాజం స్త్రీని జడవస్తువుతో సమానంగా చూసిందని తేల్చడం తొందరపాటు. సోదరభాషయైన తమిళంలో స్త్రీకి ఏకవచనంలో ప్రత్యేక క్రియారూపం ఉంది. అంతమాత్రాన అక్కడ స్త్రీల స్థితి మెరుగని చెప్పలేం. వ్యాకరణవిభాగం నుండి సామాజికస్థితిని నేరుగా రాబట్టడం శాస్త్రీయం కాదు. అందువల్లనే సమాజం నిర్దేశించే స్త్రీపురుష పాత్రలను సూచించడానికి 'జెండర్' అనే ఆదానపదం, కోరికకూ దాని వ్యక్తీకరణకూ నియంత్రణకూ సంబంధించిన చర్చకు 'లైంగికత' అనే పదం వాడుకలో స్థిరపడుతున్నాయి.

2. కావ్యం – కవయిత్రి:

ముద్దుపళని 18వ శతాబ్దపు కవయిత్రి. తంజావూరు మరాఠా పాలకుడు ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానానికి చెందిన కళావంతురాలు. రాధ తాను పెంచిన ఇళాదేవిని కృష్ణునికిచ్చి వివాహం జరిపించడం, ఆపై విరహంతో, ఈర్ష్యతో తపించడం, కృష్ణుడు ఆమెను అనునయించడం కావ్యేతివృత్తం. అలిగిన నాయికను నాయకుడు బతిమాలడం తెలుగు కావ్యాలకు కొత్త కాదు. నంది తిమ్మన 'పారిజాతాపహరణం'లోని సత్యభామ అలక ప్రసిద్ధం. వయసులో ఇళ కంటే పెద్దదైన స్త్రీ కోరికను కావ్యానికి కేంద్రం చేయడం, దానిని ఒక స్త్రీ స్వయంగా రచించడం ముద్దుపళని ప్రత్యేకత.

3. ముద్రణలో లోపించినవి:

1887లో పైడిపాటి వేంకటనరసు ప్రకటించిన ప్రతిలో కొన్ని పద్యాలతోపాటు అవతారిక కూడా లేదు. కవయిత్రి తన వంశక్రమాన్ని, పాండిత్యాన్ని, తనకు లభించిన గౌరవాన్ని చెప్పుకొన్న భాగం అవతారికే. శృంగారపద్యాలను తొలగించడానికి 'అశ్లీలత' కారణమని చెప్పవచ్చు. అవతారికకు ఆ కారణం వర్తించదు. అది లేని ప్రతిని చదివిన పాఠకునికి కావ్యం మిగులుతుంది కాని, తన గురించి సగర్వంగా చెప్పుకొన్న కర్త్రి మిగలదు.

కందుకూరి వీరేశలింగం 'ఆంధ్రకవుల చరిత్రము'లో ఈ కావ్యంలోని అనేక భాగాలను స్త్రీలు వినదగనివిగా, స్త్రీ నోట రాదగనివిగా భావించారు. దేవదాసీ నృత్యాలకు వ్యతిరేకంగా సాగిన సంస్కరణోద్యమంలో ఆయన ప్రముఖులన్నది ఇక్కడ గమనార్హం. దేవదాసీ కుటుంబానికే చెందిన బెంగుళూరు నాగరత్నమ్మ కావ్యాన్ని పరిష్కరించి, 1910లో వావిళ్ల వారి ద్వారా సమగ్రంగా ప్రకటించారు. పురుషకవుల శృంగారానికి లేని అభ్యంతరం స్త్రీ రచనకు ఎందుకని ఆమె పీఠికలో ప్రశ్నించారు. విప్రనారాయణ కథను చెప్పే 'వైజయంతీవిలాసం' వంటి కావ్యానికి వీరేశలింగం ఆమోదం తెలపడాన్ని ఎత్తిచూపారు. 1911లో ప్రభుత్వం ప్రతులను స్వాధీనం చేసుకొంది. ఆపై పుస్తకం నిషేధానికి గురైంది. టంగుటూరి ప్రకాశం ప్రభుత్వ కాలంలో నిషేధం తొలగింది. 1952లో వావిళ్ల వారు పునర్ముద్రించారు. నాగరత్నమ్మ మరణించినది కూడా ఆ సంవత్సరమే.

4. పరిశోధకులు వేసుకోవలసిన ప్రశ్నలు:

ఈ చరిత్ర మూడు ప్రశ్నలను అందిస్తుంది. ఏ ప్రతిని చదువుతున్నాం? అందులో లేనిదేమిటి, దానిని ఎవరు, ఏ కారణంతో తొలగించారు? కర్త, పరిష్కర్త, విమర్శకుడు, నిషేధించిన అధికారి – వీరి జెండర్, కులం, వృత్తి ఆ నిర్ణయాలపై ఎట్లా పనిచేశాయి?

మూడవ ప్రశ్న కీలకం. ముద్దుపళనిని కేవలం 'స్త్రీ'గా చదివితే ఆమె కళావంతుల నేపథ్యం మరుగున పడుతుంది. గృహిణులకు చదువు అందని కాలంలో విద్య, సంగీతం, రచన ఆ వర్గపు స్త్రీలకు వృత్తిలో భాగాలు. ఆ స్వేచ్ఛ రాజాశ్రయంతో ముడిపడినది కూడా. కనుక ఆమెను ఆధునిక స్త్రీవాదిగా చిత్రించడం, కేవలం బాధితురాలిగా చూడడం – రెండూ అసమగ్రమే. 1991లో సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో వచ్చిన ఆంగ్ల సంకలనం 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' ఈ కావ్యచరిత్రను అంతర్జాతీయ చర్చలోకి తెచ్చింది. అయితే ఆంగ్లానువాదంపైనే ఆధారపడే తెలుగు పరిశోధకులకు పద్యంలోని పలుకుబడి, శ్లేష, ఛందోవైవిధ్యం అందవు.

ముగింపు:

1887, 1910, 1952 ప్రతులను పక్కపక్కన ఉంచి, పాఠభేదాలను పట్టికగా రాయడం స్నాతకోత్తర విద్యార్థి చేయగల పని. ఆ పట్టికలోని ప్రతి ఖాళీ వెనుక స్త్రీ ఏమి రాయవచ్చు, ఏమి చదవవచ్చు అన్న ఒక నిర్ణయం ఉండే అవకాశం ఉంది. లేఖకదోషం వల్ల ఏర్పడిన ఖాళీని, ఉద్దేశపూర్వకమైన తొలగింపును వేరుచేయడానికి భాషాపాండిత్యం కావాలి. తొలగింపునకు కారణాన్ని వివరించడానికి జెండర్ దృష్టి కావాలి. ఈ రెండు శిక్షణలనూ విడదీసి బోధించినంతకాలం పరిశోధకుల చేతిలో ఉండేది ఎవరో కత్తిరించి ఇచ్చిన ప్రతే.