కనగుర్త: చేపను గుర్తించు విధము



క్రిందటి సంవత్సరము ప్రకృతి పాఠము నిమిత్తము కొన్ని సముద్రపు చేపలను తరగతికి తెప్పించితిని. వానిలో నొకదాని పేరేమని యడుగగా, జాలరుల యింటి బాలుడొకడు తెలిసియు చెప్పక తలవంచుకొనెను. మరల నడుగగా "మాకెరెల్ అండి" అనెను. "మీ యింట నేమందురు?" అంటిని. "కానాగంత అందుమండి, అది మోటమాట" అని మెల్లగా బదులు చెప్పెను. ఆ మాట మోటది కాదని తెలుపుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాను.

ముందుగా చేపను గుర్తింతము. కనగుర్త సాధారణముగా 25 సెంటీమీటర్ల పొడవుండును. వీపు నీలిపచ్చ, కడుపు వెండి వన్నె. మేని పైభాగమున తలనుండి తోకవైపునకు సన్నని చారలు సాగును. రొమ్మురెక్క క్రిందియంచు దాపున మేనిమీద నల్లని మచ్చ యొకటి యుండును.

అయితే నల్లమచ్చ కనబడినంతనే కనగుర్త యని నిర్ణయింపరాదు. నూనెకవళ్లకును నల్లమచ్చ గలదు. కాని యది మొప్పమూత వెనుక యంచున నుండును. కనగుర్తవలె గుంపులుగా దిరుగు మరియొక చేపకును మొప్పమూత యంచుననే చిన్న నల్లమచ్చ గలదు. కాబట్టి మచ్చ యున్నదా యని మాత్రమేగాక, ఎచ్చట నున్నదో చూడవలెను.

మరియు మచ్చలు, చారలు చేప చచ్చిన పిదప వన్నె మారును. క్రొత్తగా పట్టిన కనగుర్త చారలు బంగారు చాయనుండి, పిమ్మట నల్లబడును. అందుచేత మారని గుర్తులను గూడ లెక్కింపవలెను. కనగుర్త వీపున రెండు రెక్కలు గలవు. రెండవదాని వెనుక తోకవరకు అయిదు చిన్న రెక్కలును, వానికెదురుగా క్రిందివైపున అయిదును ఉండును. పైన జెప్పిన రెండవ చేపకు అట్టి చిన్న రెక్క పైన నొకటి, క్రింద నొకటి మాత్రమే యుండును. తోకదగ్గర ప్రక్కలను గట్టి పొలుసుల వరుస చేతికి తగులును. కవళ్లకు వీపున ఒకే రెక్క. చిన్న రెక్కలు లేనేలేవు. నోరు తెరచి చూచిన కనగుర్త మొప్పలలో దువ్వెన పండ్లవంటి పొడవైన పుల్లలు కనబడును. ఇవి నీటిలోని సూక్ష్మజీవులను వడియగట్టి చేపకు ఆహార మొసంగును.

వన్నెను గమనించుట వలన వేరొక లాభమును గలదు. ఈ చేపను మంచులో నుంచక ఎండ వేడిమికి విడిచినచో దాని మాంసమున హిస్టమిను అను విషపదార్థము పుట్టును. వండినను అది నశింపదు. కావున ఈ చేపను క్రొత్తదానినే కొని, తడవు చేయక వండుకొనవలెను.

ఇక పేరు సంగతి. పాట్రిక్ రస్సెలు అను వైద్యుడు ఈస్టిండియా కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా మన తీరమున పనిచేసెను. రక్తపింజరి పామునకు ఆంగ్లమున ఆయన పేరే పెట్టిరి. విశాఖపట్టణమున సేకరించిన 200 చేపల వర్ణనలను బొమ్మలతో 1803లో లండనులో ప్రకటించెను. చేపలకు ఇచ్చటివారు పలుకు పేర్లనే తాను విన్నట్లు వ్రాసికొనెను. అందు "కనగుర్త" యొకటి. ఫ్రెంచి పండితుడగు క్యూవియరు 1816లో దీనికి శాస్త్రనామ మిడుచు ఆ మాటనే నిలిపెను. నేడు దాని శాస్త్రనామము రాస్ట్రెల్లిగర్ కనగుర్త. మొదటి మాటకు చిన్న దంతెను ధరించినదని యర్థము. మొప్పలలోని పుల్లలనుబట్టి వచ్చినది. రెండవది మన రేవుల మాట. ఎఱ్ఱసముద్రము మొదలు ఆస్ట్రేలియా వరకు ఎచ్చట ఈ చేప దొరకినను పండితులు ఆ పేరే వ్రాయుదురు.

పైన రెండవదిగా జెప్పిన చేపకు రస్సెలుగారి పేరు పెట్టిరి. వైద్యుని పేరొక చేపకును, ఆయనకు చేపలు చూపినవారి మాట యింకొక చేపకును దక్కినవి.

ఈ సంగతి వినిన నాడు ఆ బాలుడు నల్లబల్లమీద "కనగుర్త" అని పెద్ద అక్షరములతో వ్రాసెను. మీరును సెలవులలో రేవునకు పోయి, మీ తలిదండ్రులను చేపల పేర్లడిగి, మచ్చల చోటు చూచి, రెక్కలు లెక్కించి వ్రాసికొనుడు. దేవుడు సృజించిన వానికి పేరిడు పని ఆదామునకు అప్పగింపబడినదని చదివియున్నారు గదా. ఆ పనిలో మీ పెద్దలకును పాలు గలదు.