కేబులా, డిష్షా, ఫైబరా? వినియోగదారుడికి అసలు అవసరం విడిచే స్వేచ్ఛ

మధ్యతరగతి కుటుంబం నెలవారీ జమాఖర్చుల్లో ఇంటి అద్దె, కరెంటు బిల్లు, పాల ఖాతా, పిల్లల ఫీజుల సరసన గత మూడు దశాబ్దాల్లో మరో పద్దు స్థిరపడింది. అది టెలివిజన్‌కు, ఇంటర్నెట్‌కు చెల్లించే చందా. ఈ సేవలను అందించేవారు వీధి చివరి కేబుల్ ఆపరేటర్ మొదలు దేశవ్యాప్త టెలికాం సంస్థల వరకు అనేకులు ఉన్నారు. ప్రకటనల హోరు మధ్య ఎవరిని ఎన్నుకోవాలన్నది మాత్రం సామాన్యుడికి చిక్కుప్రశ్నగానే మిగిలింది. నెలకు ఎంత అన్న ఒక్క ప్రశ్నతో నిర్ణయం తీసుకుంటున్నవారే ఎక్కువ.

నిజానికి అడగవలసిన ప్రశ్నలు మూడు. ఏడాదికి మొత్తం వ్యయం ఎంత? సేవ నిలిచిపోతే బాగుచేసేది ఎవరు? నచ్చనప్పుడు వదులుకోవాలంటే ఎంత నష్టం? వీటిలో మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది. విడిచిపోగల వినియోగదారుడి మాటకే మార్కెట్‌లో విలువ ఉంటుందని భారత ప్రసార రంగ చరిత్ర పదేపదే రుజువు చేసింది.

ఒక గుత్తాధిపత్యం నుంచి మరొకదానికి

దేశంలో టెలివిజన్ ప్రసారాలు 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ప్రారంభమయ్యాయి. 1975-76లో అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు విద్యా కార్యక్రమాలు ప్రసారం చేశారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా ఉన్నాయి. 1982 ఆసియా క్రీడల నాటికి రంగుల ప్రసారాలు వచ్చాయి. అయినా ఇంటి కప్పు మీద చేపముల్లులాంటి యాంటెన్నా, తెర మీద దూరదర్శన్ తప్ప ప్రేక్షకుడికి మరో గతి లేదు.

1991 ఆరంభంలో గల్ఫ్ యుద్ధ దృశ్యాలను సీఎన్‌ఎన్ ఉపగ్రహం ద్వారా నేరుగా చూపడంతో పరిస్థితి మారింది. అదే సంవత్సరం హాంగ్‌కాంగ్ నుంచి స్టార్ టీవీ, 1992 అక్టోబరులో జీ టీవీ, 1995లో తెలుగునాట జెమిని, ఈటీవీ ప్రసారాలు ప్రారంభించాయి. మేడ మీద పెద్ద డిష్ అమర్చి, కరెంటు స్తంభాల మీదుగా, చెట్ల కొమ్మల మీదుగా ఇళ్లకు తీగలు లాగిన చిన్న వ్యాపారులు వాడవాడలా పుట్టుకొచ్చారు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని, వాటిపై ప్రభుత్వ గుత్తాధిపత్యం తగదని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడాది కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల నియంత్రణ చట్టం వచ్చింది.

ప్రభుత్వ గుత్తాధిపత్యం పోయింది కాని, దాని స్థానంలో వీధి గుత్తాధిపత్యం వెలిసింది. చాలా వీధులలో ఒక్కరే ఆపరేటర్. ఆయన ఇచ్చినవే చానళ్లు, అడిగిందే చందా. చానల్ యజమానులకు, ఆపరేటర్లకు మధ్య వివాదం వచ్చినప్పుడల్లా తెర మీద చుక్కలు ప్రత్యక్షమయ్యేవి. చందాదారుల సంఖ్యను ఆపరేటర్లు తగ్గించి చూపుతున్నారని ఒకరు, చానళ్ల ధరలు అడ్డూఆపూ లేకుండా పెంచుతున్నారని మరొకరు ఆరోపించుకుంటూ ఉంటే మధ్యలో నలిగినవాడు ప్రేక్షకుడే.

ఈ పరిస్థితికి విరుగుడుగా వచ్చింది డీటీహెచ్. ఇంటింటికీ నేరుగా ఉపగ్రహ ప్రసారాలు అందించే ఈ పద్ధతిని కేంద్రం 1997లో నిషేధించింది. 2000 నవంబరులో అనుమతించాలని నిర్ణయించింది. 2003 అక్టోబరులో డిష్ టీవీ, 2004 డిసెంబరులో దూరదర్శన్ ఉచిత సర్వీసు, 2006లో టాటా స్కై రంగంలోకి దిగాయి. కేబుల్ ఆపరేటర్ మాటే వేదంగా సాగిన వీధిలో వినియోగదారుడికి తొలిసారి రెండో త్రోవ కనిపించింది. 2012లో మొదలై 2017 వరకు దశలవారీగా సాగిన డిజిటలీకరణతో కేబుల్ చందాదారు ఇంటికి కూడా సెట్‌టాప్ బాక్సు వచ్చింది. హైదరాబాద్, విశాఖపట్నం నగరాలు 2013 మార్చి గడువుగా సాగిన రెండో దశలో ఉన్నాయి.

ధర చెప్పే మాట, చెప్పని మాట

చూసిన చానళ్లకే డబ్బు చెల్లించాలన్న సూత్రంతో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రూపొందించిన కొత్త ధరల విధానం 2019 ఫిబ్రవరి నుంచి ఆచరణలోకి వచ్చింది. మొదటి 100 చానళ్లకు నెట్‌వర్క్ రుసుము గరిష్ఠంగా 130 రూపాయలని నిర్ణయించారు. 18 శాతం జీఎస్టీ కలిస్తే అది 153 రూపాయల 40 పైసలు. పే చానళ్ల ధర దీనికి అదనం. 2020లో సవరించిన నిబంధనలు అదే రుసుముకు 200 చానళ్లు ఇవ్వాలన్నాయి. 2024 జులైలో ట్రాయ్ ఈ రుసుముపై గరిష్ఠ పరిమితిని తొలగించి, నిర్ణయాన్ని సంస్థలకే విడిచిపెట్టింది. కనుక రెండు సంస్థల ధరలను పోల్చేటప్పుడు నెట్‌వర్క్ రుసుము ఎంత, చానళ్ల ధర ఎంత, రెండో టీవీ ఉంటే దానికి ఎంత అని విడివిడిగా అడగడం తప్పనిసరి అయింది.

చానళ్ల గుత్తులు, అంటే ప్యాకేజీలు, చవకగా కనిపిస్తాయి. వాటిలో కుటుంబం ఎన్నడూ చూడనివి డజన్ల కొద్దీ ఉంటాయి. ఇంట్లో అందరూ కలిపి నిజంగా చూసే చానళ్లు ఏవో ఒక కాగితం మీద రాసుకుని, వాటి విడి ధరలను కూడితే ప్యాకేజీ లాభమో నష్టమో తేలిపోతుంది. విడి ధరలను ప్రకటించడం నిబంధనల ప్రకారం సంస్థల బాధ్యత.

నెలవారీ చందా అక్కరలేని మార్గం కూడా ఒకటి ఉంది. ప్రసారభారతి నిర్వహిస్తున్న డీడీ ఫ్రీ డిష్‌కు డిష్, బాక్సు కొనుక్కుంటే చాలు. వార్తలు, దూరదర్శన్ చానళ్లు, కొన్ని వినోద చానళ్లతో సరిపెట్టుకునే కుటుంబానికి ఇంతకన్నా చవక మార్గం లేదు. అయితే ప్రధాన తెలుగు పే చానళ్లు కావాలనుకునేవారికి ఇది చాలదు.

నింగి, నేల: బలాబలాలు

డిష్ ప్రసారాలు భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం నుంచి వస్తాయి. తీగ వెళ్లని పల్లెకు, కొండ మీది గూడేనికి, పొలం మధ్య ఇంటికి కూడా అవి సమానంగా చేరడం ఈ పద్ధతిలోని గొప్ప సుగుణం. వీధిలో కరెంటు పోయినా ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే బొమ్మ ఆగదు. కుండపోత వర్షంలో మాత్రం నీటి బిందువులు తరంగాలను అడ్డుకోవడం వల్ల ప్రసారం కాసేపు నిలిచిపోవచ్చు. ఎదుట ఎత్తయిన భవనం లేచినా, చెట్టు పెరిగినా సిగ్నల్ అందదు. అపార్టుమెంట్లలో డిష్ పెట్టుకునే చోటు కోసం తగవులు సర్వసాధారణం.

కేబుల్ బలం దాని దగ్గరితనం. సేవ ఆగితే ఫోన్ చేయడానికి తెలిసిన మనిషి ఉంటాడు, సాయంత్రానికి నిచ్చెన వేసుకుని వస్తాడు. ఊరి జాతర, పట్టణ వార్తలు చూపే స్థానిక చానళ్లు కేబుల్‌లోనే దొరుకుతాయి. బలహీనత కూడా ఆ తీగలోనే ఉంది. రోడ్డు తవ్వినా, స్తంభం ఒరిగినా వాడంతా చీకటే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు స్తంభాల మీదుగా సాగే తీగల వ్యవస్థ ఎంత బలహీనమైనదో కోస్తా ప్రజలకు తెలిసివచ్చింది.

ఇంటర్నెట్ మార్చిన లెక్క

వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవలు ప్రారంభించింది. 1998లో ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరిచారు. 2016 సెప్టెంబరులో జియో రాకతో మొబైల్ డేటా ధరలు నేలకు దిగాయి. దేశంలో ఇంటర్నెట్ చందాదారులు 2025 మార్చి చివరికి సుమారు 97 కోట్లకు చేరగా, వారిలో తీగ ద్వారా ఇంటికి కనెక్షన్ ఉన్నవారు నాలుగు కోట్ల పైచిలుకు మాత్రమే. ఎక్కువమందికి ఇంటర్నెట్ అంటే నేటికీ చేతిలోని ఫోనే.

వినోదం కూడా ఇంటర్నెట్ మార్గం పట్టడంతో డిష్‌ల ప్రాభవం తగ్గింది. 2020 చివర దాదాపు 7 కోట్లున్న పే డీటీహెచ్ చందాదారుల సంఖ్య 2025 నాటికి 6 కోట్ల లోపునకు పడిపోయింది. ఒకనాడు కేబుల్‌ను సవాలు చేసిన సాంకేతికతకే ఇప్పుడు సవాలు ఎదురైంది.

ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకునేవారు వేగం లెక్కను అర్థం చేసుకోవాలి. ప్రకటనలో 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక సెకనుకు దిగుమతి అయ్యేది గరిష్ఠంగా పన్నెండున్నర మెగాబైట్లే. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి అంతకు మించి అవసరం అరుదు. నెలకు నిర్ణీత డేటా దాటాక వేగం తగ్గించే షరతు ఉన్నదీ లేనిదీ చూడాలి. పిల్లల ఆన్‌లైన్ తరగతులు, ఇంటి నుంచి ఉద్యోగం ఉన్నచోట దిగుమతి వేగంతోపాటు ఎగుమతి వేగం కూడా అడగాలి.

ఫైబర్ తీగ వెలుతురును మోస్తుంది కాని విద్యుత్తును మోయదు. ఇంట్లో మోడెమ్‌కు కరెంటు లేకపోతే కనెక్షన్ ఉన్నా లేనట్లే. పాత టెలిఫోన్‌కు లేని ఈ ఇబ్బంది కరెంటు కోతలున్న ఊళ్లలో లెక్కలోకి వస్తుంది. తీగ లాగలేని చోట్లకు టవర్ నుంచి 5జీ ద్వారా ఇంటికి ఇంటర్నెట్ అందించే ఎయిర్‌ఫైబర్ సర్వీసులు 2023లో వచ్చాయి. భూమికి కొద్ది వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల ద్వారా సేవలందించే స్టార్‌లింక్‌కు 2025 జూన్‌లో కేంద్ర టెలికాం శాఖ లైసెన్సు ఇచ్చింది. అంతకు ముందు నెలలోనే పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌లో ఆ సేవ ప్రారంభమైంది.

ఒకే తీగ, ఒకే బిల్లు

టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడూ కలిపి ఒకే బిల్లుతో అందించడం నేటి సంస్థల వ్యూహం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017 డిసెంబరులో ప్రారంభించిన ఫైబర్‌నెట్ ఈ మూడింటినీ కనీసం నెలకు 149 రూపాయలకు అందిస్తామని ప్రకటించి దేశం దృష్టిని ఆకర్షించింది. ప్రైవేటు సంస్థలు ఇదే పద్ధతికి సినిమా, క్రికెట్ యాప్‌ల చందాలను కూడా జోడించాయి.

విడివిడిగా కొనడం కన్నా ఇది చవక అన్నది నిజమే. అయితే మూడు సేవలూ ఒకే చేతిలో ఉన్నప్పుడు ఆ చేయి ముడుచుకుంటే మూడూ ఆగిపోతాయి. తీగ తెగిన రోజున టీవీ లేదు, ఫోన్ లేదు, ఫిర్యాదు చేయడానికి ఇంటర్నెట్ లేదు. అంతకన్నా పెద్ద సమస్య సంస్థ మారడం. మొబైల్ నంబరు మార్చకుండా కంపెనీ మారే వెసులుబాటు సెట్‌టాప్ బాక్సుకు లేదు. ఏ బాక్సయినా ఏ సంస్థతోనైనా పనిచేసేలా ఉండాలని 2020 ఏప్రిల్‌లో ట్రాయ్ సిఫార్సు చేసింది. ఆచరణలో మాత్రం కంపెనీ మారితే బాక్సు మారవలసిందే. ఏడాది చందా ముందే చెల్లించినవాడు మూడో నెలలో అసంతృప్తి చెందినా కదలలేడు. వీధి గుత్తాధిపత్యం పోయిందనుకున్న చోటికి అది మరో రూపంలో తిరిగివచ్చే ప్రమాదం ఇక్కడే ఉంది.

ఎవరికి ఏది?

వృద్ధ దంపతులు మాత్రమే ఉన్న ఇంట్లో తెలుగు చానళ్లే ప్రధానమైతే, ఫోన్ చేస్తే వచ్చే కేబుల్ ఆపరేటర్ మంచి ఎంపిక. తీగ చేరని పల్లెలో డిష్ సరైనది, ఖర్చు భరించలేకపోతే ఫ్రీ డిష్. చదువుకునే పిల్లలు, ఇంటి నుంచి పనిచేసేవారు ఉన్న పట్టణ కుటుంబం ముందు ఇంటర్నెట్‌ను ఎంచుకుని, టీవీ సంగతి తర్వాత చూసుకోవాలి. అద్దె ఇళ్లలో ఉండేవారు ఇల్లు మారినప్పుడు కనెక్షన్ వెంట వస్తుందో రాదో ముందే తెలుసుకోవాలి.

ఎవరైనా చేయవలసిన పని ఒకటి ఉంది. ప్రకటనలో 500 రూపాయలని ఉంటే జీఎస్టీతో అది 590. ఏడాదికి 7,080. దానికి మోడెమ్ డిపాజిట్, బిగింపు రుసుము కలిపి చూడాలి. డిపాజిట్ తిరిగి వస్తుందో రాదో లిఖితపూర్వకంగా తీసుకోవాలి. మొదట ఒకటి లేదా మూడు నెలల చందాతో పరీక్షించి, తృప్తి కలిగాకనే ఏడాది చందా కట్టడం మేలు. చేరే ముందు అదే వాడలో, అదే సంస్థ వినియోగదారులు ఇద్దరిని విచారించడం ఏ ప్రకటన కన్నా నమ్మకమైన మార్గం.

వివాదం తలెత్తితే ముందు సంస్థకే ఫిర్యాదు చేసి నంబరు రాసి ఉంచుకోవాలి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. టెలికాం వివాదాలను వినియోగదారుల ఫోరాలు విచారించవచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేయడంతో సామాన్యుడికి జిల్లాలోనే న్యాయం కోరే మార్గం సుగమమైంది.

మూడు దశాబ్దాలలో దూరదర్శన్ ఒంటరి పాలన నుంచి వందలాది చానళ్ల వరకు దేశం ప్రయాణించింది. ఈ ప్రయాణంలో ధర తగ్గిన ప్రతి సందర్భంలోనూ కారణం ఒక్కటే. ఇంటి గుమ్మానికి రెండో మార్గం చేరింది. ఆ రెండో మార్గాన్ని మూసివేసే ఒప్పందం ఎంత చవకగా కనిపించినా వినియోగదారుడికి అది ఖరీదైన బేరమే.