వంటింటి కిటికీకి రెక్కల తెర

ఎండ తాకిడి తప్పించుకోవడానికి 19వ శతాబ్దంలో కడప కలెక్టరు డబ్ల్యూ.డి. హార్స్లీ ఏకంగా కొండెక్కాడు. మదనపల్లె దగ్గరి ఏనుగు మల్లమ్మ కొండ మీద బంగళా కట్టించుకున్నాడు. ఆ కొండే ఇప్పటి హార్స్లీ హిల్స్. కిలోమీటరు ఎత్తుకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది. కొండ మదనపల్లె కంటే ఐదారు వందల మీటర్లు ఎత్తు కాబట్టి పైన మూడు నాలుగు డిగ్రీల హాయి ఉంటుంది. అయితే గాలి చల్లగా ఉన్నంత మాత్రాన ఎండ చల్లబడదు. పెద్ద అద్దాల కిటికీ ఉన్న వంటింట్లో, పొయ్యి ముందు నిలబడ్డవారికి ఈ సంగతి బాగా తెలుస్తుంది.

ఈ ప్రాంతం భూమధ్యరేఖకు 13.6 డిగ్రీల ఉత్తరాన ఉంది. ఏప్రిల్ చివర్లో, మళ్ళీ ఆగస్టు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ ఎండను కిటికీ మీది సన్‌షేడ్ ఆపేస్తుంది. చిక్కల్లా తూర్పు, పడమర కిటికీలతోనే. పొద్దున్న, సాయంత్రం సూర్యుడు కిందికి ఉంటాడు కాబట్టి కిరణాలు సన్‌షేడ్ కిందుగా నేరుగా లోపలికి వస్తాయి. గుడ్డ కర్టెన్ వేస్తే ఎండతో పాటు వెలుతురు, గాలి కూడా తగ్గిపోతాయి. పైగా పోపు జిడ్డు, ఆవిరి గుడ్డకు పట్టేస్తాయి. గాలికి రెపరెపలాడే గుడ్డ గ్యాస్ పొయ్యి దగ్గర ఉండటం ప్రమాదం కూడా.

ఎండను ఆపాలి, వెలుతురును రానివ్వాలి, గాలిని ఆపకూడదు. ఈ మూడూ ఒకేసారి చేసే సాధనం వెనీషియన్ బ్లైండ్, అంటే రెక్కల్లాంటి అడ్డ పలకల తెర. పేరు వెనిస్‌దే అయినా, పుట్టుక పర్షియాలోనని, వెనిస్ వర్తకులు ఐరోపాకు తెచ్చారని చెబుతారు. 1769లో లండన్‌లో ఎడ్వర్డ్ బెరాన్ దీనికి పేటెంట్ పొందాడు. అసలు మలుపు 1841లో వచ్చింది. పలకల వాలును కావలసినంత మార్చుకునే పద్ధతికి న్యూ ఆర్లీన్స్‌కు చెందిన జాన్ హాంప్సన్ అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు.

దాని పనితనం దగ్గరగా చూడవలసిందే. పలకలన్నీ నిచ్చెన మెట్లలా అల్లిన సన్నని దారాల మీద కూర్చుంటాయి. పైపెట్టెలో ఒక కడ్డీ ఉంటుంది. దాన్ని తిప్పితే ముందు వైపు దారం పైకి లేస్తుంది, వెనుక వైపుది కిందికి దిగుతుంది. దాంతో పలకలన్నీ ఒకే కోణంలో వాలతాయి. పలకల రంధ్రాల గుండా వెళ్లే మరో తాడు అడుగు పట్టీకి కట్టి ఉంటుంది. ఆ తాడు లాగితే తెర మొత్తం పైకి ముడుచుకుంటుంది. పలకల లోపలి అంచు పైకి, బయటి అంచు కిందికి ఉండేలా వాల్చితే నేరుగా వచ్చే ఎండ ఆగిపోతుంది. బయటి నేల నుంచి, గోడల నుంచి వచ్చే వెలుతురు మాత్రం లోపలికి వస్తుంది. పొగమంచు పట్టిన ఉదయాల్లో పలకలను అడ్డంగా తిప్పితే లేత ఎండ వంటగట్టు దాకా వస్తుంది.

మొదట్లో పలకలు చెక్కవి, బరువైనవి. 1946లో హెన్రీ సొనెన్‌బర్గ్, జో హంటర్ కలిసి అల్యూమినియంను ఆగకుండా పోతపోసి రేకులుగా తీసే విధానాన్ని రూపొందించారు. దాంతో తేలికైన, తుప్పు పట్టని పలకలు చవకయ్యాయి. వంటింటికి ఇవే తగినవి. చెక్క ఆవిరికి వంకర పోతుంది, అల్యూమినియం పోదు. సబ్బునీళ్ల గుడ్డతో తుడిస్తే జిడ్డు వదిలిపోతుంది. రంగుల్లో తెలుపు మేలు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక ముదురు పలక దాన్ని పీల్చుకుని వేడిగా వదులుతుంది. ఆ వేడి అద్దం గుండా నేరుగా బయటికి పోలేదు. తెల్ల పలకైతే కాంతిని కాంతిగానే తిప్పికొడుతుంది, అందులో చాలాభాగం అద్దం దాటి వెళ్లిపోతుంది. అంగుళం పలకల కంటే రెండంగుళాల పలకలు తుడవడం సులువు.

గాలి విలువ మదనపల్లెకు కొత్తగా చెప్పనక్కరలేదు. క్షయకు మందులు రాకముందు మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండే చికిత్సగా మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియం వెలిసింది. వంటింటి పొగ, ఆవిరి బయటికి పోవాలంటే కిటికీ తలుపు తెరిచే ఉండాలి. తెర దానికి అడ్డు కాకూడదు.

కొనేముందు మూడు పనులు చేయండి. కిటికీ ఏ దిక్కుకు ఉందో, ఎండ ఏ వేళ పడుతుందో చూసుకోండి. తలుపులు లోపలికి తెరుచుకుంటే పలకలు తగలకుండా కొలతలు తీయించండి. పొయ్యి నేరుగా కిటికీ కింద ఉంటే అక్కడ ఏ తెరా వేయకండి. ఇక పసిపిల్లలున్న ఇంట్లో వేలాడే తాడు మెడకు చుట్టుకుని ప్రాణం తీయగలదు. అమెరికాలో 2018 డిసెంబరు నుంచి దుకాణాల్లో సిద్ధంగా అమ్మే తెరలకు వేలాడే తాడు ఉండకూడదని ప్రమాణం పెట్టారు. మీరు కూడా తాడు లేని రకాన్నే అడిగి తీసుకోండి.