సొంత ఆజ్ఞలు: మారుపేరా, ఫంక్షనా, స్క్రిప్టా?

1970లో ప్రకాశము జిల్లా యేర్పడువరకు కర్నూలు జిల్లాలో నుండిన మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో మార్కాపురము పలకలకు పేరెన్నికగన్నది; బడిపిల్లల పలకలకు గిరాకి తగ్గిన పిమ్మట ఆ రాతినే నేలకును గోడలకును అమర్చు టైల్సుగ కోసి దూరదేశములకు పంపుచున్నారు. అట్టి టైల్సు పంపు వర్తకుని కార్యాలయమున లినక్స్ కంప్యూటరొకటి యున్నదనుకొందము. గుమాస్తా ప్రతిదినము టెర్మినల్ తెరచి, బిల్లుల జాబితా చూచుటకు, కొత్త ఖాతాదారునికి ఫోల్డరు తెరచుటకు, నాటి ఫైళ్లను వేరొక డిస్కులోనికి ఎక్కించుటకు, అవే పొడుగాటి వాక్యములను టైపు చేయుచుండును. వానికి చిన్న పేర్లు పెట్టుకొను వెసులుబాటు ఆ యంత్రముననే కలదు. కాని అది మారుపేరు (ఏలియాస్), ఫంక్షను, స్క్రిప్టు అని మూడు విధములుగ నుండుటచేత ఏది దేనికి తగునో తేల్చుకొనవలసి యున్నది.

వీనిలో మారుపేరు మిక్కిలి సులభమైనది. 1970ల చివర బర్క్‌లీలో బిల్ జాయ్ రచించిన సీ షెల్ దానికి ప్రచారము తెచ్చినది (షెల్ అనగా మనము కొట్టిన ఆజ్ఞలను చదివి నడుపు ప్రోగ్రాము). 1979లో బెల్ లాబ్స్‌నుండి వెలువడిన స్టీఫెన్ బోర్న్ షెల్‌లో మొదట ఫంక్షన్లు, అనగా ఒక పేరుక్రింద కూర్చిన ఆజ్ఞల గుంపులు, లేవు. అవి 1984 ప్రాంతమున చేరినవి. నేడు లినక్స్ వాడువారిలో పెక్కుమందికి పరిచితమైన బాష్ అను షెల్, 1989లో బ్రయన్ ఫాక్స్ చేతిమీదుగ వెలువడి, మారుపేర్లను, ఫంక్షన్లను రెంటిని తనలో నిముడ్చుకొన్నది.

బాష్‌లో మారుపేరు చేయు పని యొక్కటే: మనము కొట్టిన మొదటి పదమును తీసి, దాని స్థానమున ముందుగ చెప్పియుంచిన వాక్యమును పెట్టుట. జాబితా చూచు ఆజ్ఞను రెండక్షరములకు కుదించుకొనుటకు ఇంతకుమించి యేమియు నక్కరలేదు. చిక్కెల్ల, ఆ పేరు వెనుక మరియొక మాట చేర్చినప్పుడు వచ్చును. ఆ మాట వాక్యము చివర పోయి తగులుకొనునే గాని, మనము కోరినచోట, నడుమ, కూర్చుండదు. ఖాతాదారుని పేరు చెప్పగానే ఆ పేర ఫోల్డరు తయారై, మనము దానిలోనికి ప్రవేశింపవలెననిన, ఒకే పేరు రెండుచోట్ల కావలసివచ్చును. ఇది మారుపేరుకు మించిన పని. ఫంక్షనైతే ఆ పేరును ‘డాలర్ ఒకటి’ యను గుర్తుతో పట్టుకొని ఎన్నిచోట్లనైనను వాడును. బాష్ కరదీపిక సైతము దాదాపు అన్ని పనులకును మారుపేరుకంటె ఫంక్షనే మేలని చెప్పుచున్నది. నా అభిప్రాయమును అదియే.

మారుపేర్లలో నొకటి మాత్రము ప్రమాదకరమైనది. ఫైలు చెరుపు ‘ఆర్ఎమ్’ ఆజ్ఞకు, చెరుపుటకు ముందు అడుగునట్లు, అదే పేరుతో మారుపేరు పెట్టుకొనువారు కలరు. ఆ ప్రశ్నకు అలవాటుపడిన చేయి, గిద్దలూరులోని మరొక యంత్రముమీద అదే ఆజ్ఞను కొట్టినప్పుడు, అది అడుగకయే చెరిపివేయును. జాగ్రత్త కావలసినచో దానికి కొత్త పేరు పెట్టుట మంచిది.

ఇక స్క్రిప్టు సంగతి. అది విడిగ నొక ఫైలు. నడుపు అనుమతి నిచ్చి, ఆజ్ఞలకొరకు షెల్ వెదకు ఫోల్డరులలో (వాని పట్టికకు ‘పాత్’ అని పేరు) నుంచినచో ఎవరైనను పిలువవచ్చును. దానిని బాష్‌లోనే గాక పైథాన్‌లోనైనను వ్రాయవచ్చును. ప్రతిరాత్రి బిల్లులను దాచు పనిని, నిర్ణీత సమయములకు పనులను తానే నడుపు క్రాన్‌కు అప్పగింపవలెననిన స్క్రిప్టే శరణ్యము. ఏలయనగా, టెర్మినల్ తెరచునప్పుడు బాష్ చదువు బాష్ఆర్‌సీ ఫైలులో గుమాస్తా వ్రాసికొన్న మారుపేర్లుగాని ఫంక్షన్లుగాని క్రాన్‌కు మామూలుగ కనబడవు. అయితే స్క్రిప్టు వేరొక ప్రక్రియగ నడచుటచేత, తాను ఏ ఫోల్డరులోనికి మారినను, అది ముగియగానే మన టెర్మినల్ మునుపున్నచోటనే యుండును. పైన చెప్పిన ఖాతాదారుని ఫోల్డరు పనిని స్క్రిప్టుకు గాక ఫంక్షనుకు అప్పగించుటకు ఇదియే ముఖ్యకారణము.

ఈ పేర్లు ఇంగ్లీషులోనే యుండనక్కరలేదు. లినక్స్‌ను తెనిగించుటకు ‘స్వేచ్ఛ’ సంస్థ పూనుకొనినది. మన సొంత ఆజ్ఞకు ‘జాబితా’ యని తెలుగులిపిలోనే పేరు పెట్టినను బాష్ కాదనదు. కాని కీబోర్డును మాటిమాటికి మార్చుట విసుగు పుట్టించును. పెక్కు టెర్మినళ్లలో ఒత్తులు చెదరి కనబడుట మరింత చికాకు.

ఒకే పేరున మూడును ఉన్నచో, టెర్మినల్‌లో మారుపేరు ముందు, పిదప ఫంక్షను, ఆ తరువాత షెల్ సొంత ఆజ్ఞలు, చిట్టచివర ఫైలుగ నున్న స్క్రిప్టు పలుకును. కావున పాఠకులు కొత్త ఆజ్ఞకు పేరు పెట్టుటకు పూర్వము ‘టైప్’ అని కొట్టి, ప్రక్కన ఆ పేరు వ్రాసి, అది యిదివరకే మరొకరి సొత్తు కాదని చూచుకొందురుగాక.