ఐరోపాలో రైలు యాత్ర

వీపున సంచి, చేతిలో పరిమితమైన ధనం. ఇంతమాత్రంతో ఐరోపాను చూడదలచిన దంపతులకు రైలు మార్గమే అనువైనది. ఇతర ఖండాల యాత్రికుల కొరకు అక్కడి రైల్వే సంస్థలు 1959లో యూరైల్ పాసును ప్రవేశపెట్టాయి. ఐరోపావాసులకు ఇంటర్‌రైల్ పాసు 1972లో లభించింది. హైదరాబాదు నుండి వెళ్లే జంటకు వర్తించేది మొదటిదే. అది నేడు 33 దేశాలలో చెల్లుతుంది.

అయితే పాసు ఉన్నంత మాత్రాన ఏ బండినైనా ఎక్కవచ్చునని భావించరాదు. ఫ్రాన్సులోని టి.జి.వి., లండనుకు సాగే యూరోస్టార్ వంటి వేగవంతమైన బండ్లలో ఆసనానికి వేరుగా రుసుము చెల్లించాలి. ఇద్దరికీ కలిపి అది చిన్న మొత్తమేమీ కాదు! జర్మనీలో చాలా బండ్లకు ఈ నిర్బంధం లేదు. రెండు మూడు నగరాలు మాత్రమే చూసేవారికి పాసు కంటె ముందుగా కొన్న విడి టిక్కెట్లే తరచుగా చౌక.

వియన్నాలో రాత్రి బండి ఎక్కి, ఉదయం వెనిస్‌లో దిగితే ఒకనాటి బస ఖర్చు తప్పుతుంది. అర్ధరాత్రి దాటినా, మధ్యలో బండి మారనంతవరకు, పాసులో బయలుదేరిన దినమే లెక్కకు వస్తుంది. పడకకు మాత్రం అదనపు రుసుము ఉన్నది. దానిని వసతిగృహపు అద్దెతో సరిచూచుకొనడం అవసరం. ఆల్టెనా కోటలో 1912లో మొదలైన యువజన వసతిగృహాల సంప్రదాయం నేటికీ సజీవమే. కొన్నింటిలో స్త్రీపురుషులకు వేర్వేరు గదులుంటాయి. వంటగది ఉన్నచోట దంపతులు స్వయంగా వండుకొని భోజన వ్యయాన్ని తగ్గించుకొంటారు.