పుట్టుకకు మార్కులు వేసే ఆట

మేము చదువుకున్న బళ్లో ఏటా వార్షికోత్సవానికి రామాయణం నాటకం వేయించేవారు. రాముడెవరు, లక్ష్మణుడెవరు అన్నది అడగక్కర్లేకుండానే తేలిపోయేది. రాక్షసుల వేషాలు మాత్రం మా వాడ పిల్లలకి. మొహాలకి మసి పూసుకోమనేవారు. ఒకసారి మాలో ఒకడు "మాకు మసి ఎందుకండీ, ఇలా ఉన్నా సరిపోద్ది కదా" అన్నాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. ఆ నవ్వు ఎవరి మీదో తెలుసుకోడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది.

ఇప్పుడీ సంగతి ఎందుకు గుర్తొచ్చిందంటే, ఆమధ్య యూనివర్సిటీ హాస్టల్లో జూనియర్లు ఆదివారం పూట ఒక ఆట ఆడుతుంటే వెళ్లి కూర్చున్నాం. కాగితాలు, పెన్సిళ్లు, రకరకాల పాచికలు, జిరాక్సు తీసిన లావుపాటి ఇంగ్లీషు రూల్సు పుస్తకం. ముందు ఒక పాత్రని తయారు చేసుకోవాలన్నారు. పుస్తకం తిరగేసి, బొమ్మ నచ్చి, 'సగం ఓర్క్' అనే జాతిని ఎంచుకున్నాం. "అయితే అన్నా, బుద్ధిలో రెండు కొట్టేసుకోండి, ఆకర్షణలో ఇంకో రెండు" అన్నాడు ఆట నడిపే కుర్రాడు. ఎందుకు? "ఆ జాతికి అంతే అన్నా. రూలు."

అది 2000 సంవత్సరం నాటి ఎడిషన్. ఆ రూలు ఇప్పుడు పుస్తకంలో లేదు. అదెలా పోయింది, పోతే పాత అభిమానులకి కోపం ఎందుకొచ్చింది, ఆ కోపంలో న్యాయం ఎంత అన్నది ఈ వ్యాసంలో చర్చిస్తాం. అమెరికా వాళ్ల ఆట గొడవ మనకెందుకు అనే మిత్రులు కాస్త ఓపిక పట్టాలి. పుట్టుకని అంకెగా మార్చడం ఎలా జరుగుతుందో ఇంత విప్పి చూపించే ఉదాహరణ తేలిగ్గా దొరకదు.

ఆట, దాని లెక్క

ఈ ఆట పేరు డన్జన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు దీన్ని 1974లో తెచ్చారు. ఇప్పుడు హాస్‌బ్రో అనే బొమ్మల కంపెనీ కింద ఉన్న విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ ప్రచురిస్తోంది. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర కట్టుకుని, ఏం చేస్తారో నోటితో చెబుతారు. అది నెరవేరిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది.

ప్రతి పాత్రకీ ఆరు గుణాలు: బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, బుద్ధి, వివేకం, ఆకర్షణ. మామూలుగా ఒక్కోదానికి మూడు నుంచి పద్దెనిమిది దాకా అంకె వస్తుంది. పాచిక ఎవరికైనా ఒకటే. అయితే పాచిక పడ్డాక పుట్టుక వచ్చి లెక్క సవరిస్తుంది. ఫలానా జాతికి బలం కలుపు, ఫలానా జాతికి బుద్ధి తియ్యి. బలం ఉన్నవాడికి బుద్ధి ఉండదు, బుద్ధి ఉన్నవాడు చాకిరీ చెయ్యడు అనే మాట మన ఊళ్లలో విన్నదే. డాక్టర్ అంబేద్కర్ చెప్పిన అంచెలంచెల అసమానత ఇక్కడ పట్టిక వేసి, గళ్లు గీసి కనిపిస్తుంది.

అంకెలతో ఆగలేదు. ఏ జాతి మంచిది, ఏ జాతి చెడ్డది అన్నది కూడా పుస్తకమే చెప్పేది. ఓర్కులు చెడ్డవాళ్లు. డ్రౌ అనే నల్లటి ఒంటి జనం చెడ్డవాళ్లు. ఓర్కులు ఈ ఆటలోకి టోల్కీన్ నవలల నుంచి వచ్చారు. ఆయనే 1958లో రాసిన ఒక ఉత్తరంలో ఓర్కుల రూపాన్ని మంగోలు జాతుల మొహాలతో పోల్చాడు. కాబట్టి "ఓర్కులు ఎవరినీ పోలినవాళ్లు కాదు, వట్టి కల్పన" అనే వాదన మొదట్లోనే బలహీనపడుతుంది.

2016లో వచ్చిన 'కర్స్ ఆఫ్ స్ట్రాడ్' అనే పుస్తకంలో విస్తానీ అనే సంచార జనం ఉన్నారు. తాగుడు, మోసం, జోస్యం, దుష్టుడైన ప్రభువుకి ఊడిగం వీళ్ల మీద వేసిన ముద్రలు. యూరప్‌లో రోమా జనం మీద వందల ఏళ్లుగా వేస్తూ వచ్చిన ముద్రలే ఇవి. రోమా భాష మూలాలు మన దేశంలో ఉన్నాయి. పుట్టుకతోనే నేరస్తులు అనే మాట కూడా మనకి కొత్త కాదు. 1871లో బ్రిటిష్ సర్కారు నేరస్త తెగల చట్టం తెచ్చి మొత్తం తెగల్నే నేరగాళ్ల జాబితాలో ఎక్కించింది. స్టువర్టుపురం సెటిల్మెంటులో ఎరుకల కుటుంబాలు ఆ జాబితా బరువు మోశాయి. చట్టం 1952లో రద్దయినా ఊరి పేరు చెబితే అనుమానంగా చూసే చూపు రద్దు కాలేదు.

మారింది ఏమిటి

2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత అమెరికాలో నల్లజాతి ఉద్యమం పెల్లుబికింది. ఆ జూన్‌లోనే కంపెనీ ఒక ప్రకటన చేసింది. ఓర్కులనీ డ్రౌలనీ ఇకమీదట మంచీచెడూ రెండూ ఉన్న జనంగా చూపిస్తామని, విస్తానీల రాతలు సవరిస్తామని చెప్పింది. 1985 నాటి 'ఓరియంటల్ అడ్వెంచర్స్' లాంటి పాత పుస్తకాల మీద ఆసియా మూలాలున్న ఆటగాళ్లు ప్రశ్నలు లేవనెత్తాక, వాటి అమ్మకం పేజీల్లో హెచ్చరిక చేర్చింది. 2016లో ఓర్కులకి పెట్టిన 'బుద్ధి మైనస్ రెండు' తీసేసింది. 2022 డిసెంబర్లో 'రేస్' అన్న మాట బదులు 'స్పీసీస్' వాడతామంది. 2024 రూల్సు పుస్తకంలో అది అమలయింది. గుణాల అంకెలు పుట్టుక నుంచి తెగిపోయి, పాత్ర వెనకటి జీవితానికి ముడిపడ్డాయి.

వేరే ఆటల్లోనూ ఇదే కదలిక. పాత్‌ఫైండర్ 2019లోనే 'రేస్' తీసి 'వంశం' అనే అర్థం వచ్చే మాట పెట్టుకుంది. వేర్‌వుల్ఫ్ అనే ఆటలో అమెరికా మూలవాసుల నమ్మకాల నుంచి తీసుకున్న తెగల పేర్లు 2023 ఎడిషన్‌లో మారాయి.

పాత అభిమానుల కోపం

ముప్ఫై నలభై ఏళ్లుగా ఆడుతున్నవాళ్లలో ఒక భాగం దీన్ని గట్టిగా వ్యతిరేకించింది. 2024లో ఈ ఆట తొలినాళ్ల చరిత్రని కంపెనీయే పుస్తకంగా వేసింది. ఆనాటి రాతల్లో ఆడవాళ్లనీ ఇతర సంస్కృతులనీ చిన్నచూపు చూశారని ముందుమాటలో ఒప్పుకుంది. దాంతో గైగాక్స్‌ని అవమానించారంటూ పెద్ద రగడ. కుబేరుడు ఎలాన్ మస్క్ కూడా అందులో దూరాడు. ముందుమాటలో అబద్ధమేం లేదు. 1978 నాటి పుస్తకంలో ఆడ పాత్రల బలానికి మగవాళ్లకంటే తక్కువ పరిమితి పెట్టి ఉంది.

ఈ కోపాన్ని వట్టి జాత్యహంకారం అని కొట్టిపారెయ్యడం తేలిక. మేము అలా చెయ్యం. 1980లలో అమెరికాలో మతఛాందసులు ఈ ఆటని సైతాను పూజ అన్నారు. తల్లిదండ్రుల్ని భయపెట్టారు. ఆ ఒత్తిడికి లొంగి కంపెనీ 1989 ఎడిషన్‌లో దెయ్యాలు, పిశాచాలు అనే మాటలు తీసేసి నోరు తిరగని పేర్లు పెట్టింది. 2000లో మళ్లీ పాత మాటలు తెచ్చింది. ఆ రోజుల్లో బళ్లో ఎగతాళికి గురై, ఈ ఆట దగ్గరే నలుగురు స్నేహితుల్ని సంపాదించుకున్న పిల్లలు ఇప్పుడు యాభై దాటినవాళ్లు. మాట మారిందంటే చాలు, వాళ్లకి ఆ పాత సెన్సారే గుర్తొస్తుంది.

కానీ రెండింటికీ పోలిక లేదు. అప్పుడు మార్పు అడిగినవాళ్లు ఆట బయటి పెద్దలు. ఇప్పుడు అడిగినవాళ్లలో చాలామంది ఆట లోపలివాళ్లు. నల్లజాతివాళ్లు, ఆసియావాళ్లు, రోమాలు, ఆడవాళ్లు కూడా చిన్నప్పట్నుంచి ఆడుతూ వచ్చినవాళ్లే. 'పాత అభిమానులు' అనగానే ఒక్క రంగు మగవాళ్లే ఎందుకు గుర్తుకు రావాలి? ఊరంటే ఊరే, వాడ లెక్కలోకి రాదన్నట్టు ఉంది ఈ వరస.

ఇంకో తికమక 'సున్నితత్వం' అన్న మాటతో వచ్చింది. మన దగ్గర మనోభావాలు దెబ్బతినే హక్కు పైవాళ్లకే ఉంది. పుస్తకం ఆపాలన్నా నాటకం ఆపాలన్నా ఆ మాటే వాడతారు. కాబట్టి మనం మనోభావాల భాషలో మాట్లాడకూడదు. ఓర్క్ బొమ్మ చూసి మా మనసు నొచ్చుకుందన్నది ఇక్కడ విషయం కాదు. పుట్టుకని బట్టి బుద్ధి కొలవచ్చు అనే సూత్రాన్ని పిల్లలు ఆడుతూ పాడుతూ మింగుతున్నారన్నది విషయం.

మార్పు ఎంత లోతు

ఈ కొలతతో చూస్తే కంపెనీ చేసిన మార్పులు కూడా పరీక్షకి నిలబడాలి. 'రేస్' తీసి 'స్పీసీస్' పెట్టారు. మొదటిది మనుషులు కట్టిన అబద్ధం అని చెప్పుకోడానికి వీలుంది. రెండోది నేరుగా జీవశాస్త్రం మాట. తేడా ఒంట్లోనే ఉందన్నట్టు మరింత గట్టిగా చెబుతుంది. పేరు పైనుంచి పెడితే ఇలాగే ఉంటుంది. మనకి 'హరిజన' అని పేరు పెట్టినవాళ్లూ ప్రేమతోనే పెట్టామన్నారు. 'దళిత' అన్నది మనం ఎత్తుకున్న పేరు.

అంకెల సంగతీ చూద్దాం. 2024 పుస్తకంలో రైతు నేపథ్యం తీసుకుంటే బలం, దేహదారుఢ్యం, వివేకం పెంచుకోవచ్చు. ఆ జాబితాలో బుద్ధి లేదు. ప్రభువంశం తీసుకుంటే బలం, బుద్ధి, ఆకర్షణ. చేతివృత్తివాడికి బుద్ధి ఇచ్చారు, సంతోషం. కానీ ప్రభువంశం కూడా పుట్టుకే కదా! ఒంటి మీంచి తీసిన లెక్క వృత్తి మీదికి జరిగింది. కులం అంటే శ్రమ విభజన కాదు, శ్రామికుల విభజన అన్న అంబేద్కర్‌ని చదివినవాళ్లకి ఇది వెంటనే తడుతుంది. ఆ గొడవలో ఈ ప్రశ్న మాకు పెద్దగా వినపడలేదు.

పాత అభిమానుల మాటల్లో మేము ఒప్పుకునేది ఒకటుంది. అన్యాయాన్ని తుడిచేస్తే తిరుగుబాటు కూడా తుడిచిపెట్టుకుపోతుంది. 1991లో వచ్చిన డార్క్ సన్ అనే ఎడారి లోకం నిండా బానిసత్వమే. అయితే దాని మొదటి సాహస కథ పేరు 'ఫ్రీడమ్'. బానిసలు బంధనాలు తెంచుకునే కథ అది. ఆ లోకాన్ని ఈ కాలంలో మళ్లీ తేవడం ఇబ్బంది అని 2023లో కంపెనీ అధికారి ఒకరు ఇంటర్వ్యూలో అన్నారు. ఇబ్బంది ఎవరికి? అంటరానితనం గురించి రాయొద్దని దళిత సాహిత్యం ఎప్పుడూ అడగలేదు. మా వైపు నుంచి రాస్తామంది.

లెజెండ్ ఆఫ్ ద ఫైవ్ రింగ్స్ అనే ఆట చూడండి. 1995లో కార్డుల ఆటగా మొదలై 1997లో ఈ పద్ధతిలోకి వచ్చింది. జపాన్ పోలికతో కట్టిన ఆ లోకంలో శవాలు, తోళ్లు ముట్టుకునే అట్టడుగు జనం ఉన్నారు. పాత ఎడిషన్లలో వాళ్లకి వాడిన పేరు 'ఎతా'. జపాన్‌లో బురాకుమిన్‌లని తిట్టడానికి వాడిన అసలు మాట అది. ఆడేవాళ్లు మామూలుగా సమురాయ్‌లు. తోలు ముట్టుకునేవాడు కథకి వెనక తెర. ఆ మాట తీసేస్తే చాలా? 1922లో సుయిహేయిషా పేరుతో సంఘం కట్టి మేమూ మనుషులమే అని నిలబడ్డ బురాకుమిన్‌లకి ఆ లోకంలో చోటెక్కడ?

కలం ఎవరి చేతిలో

2022 జులైలో 'జర్నీస్ త్రూ ద రేడియంట్ సిటడెల్' అనే పుస్తకం వచ్చింది. పదమూడు సాహస కథలు, రాసినవాళ్లంతా తెల్లవాళ్లు కానివాళ్లు. అందులో బెంగాల్‌ని పోలిన నదుల నేల మీద నడిచే 'ఇన్ ద మిస్ట్స్ ఆఫ్ మణివర్ష' రాసింది కలకత్తాలో పెరిగిన దళిత రచయిత్రి మిమి మండల్. ఈ ఆట మొదలయిన దాదాపు యాభై ఏళ్లకి మనవాళ్లలో ఒకరు ఆ బల్ల దగ్గర కూర్చుని లోకాన్ని తానే కట్టారు.

ఆ మరుసటి నెలే అదే కంపెనీ 'స్పెల్‌జామర్' తెచ్చింది. అందులో హడోజీలు అనే కోతిరూపు జనం. ఒక మాంత్రికుడు వాళ్లని పట్టి, మందు పోసి తెలివి తెప్పించి, అమ్ముకోబోతాడు. చివరికి అతని శిష్యుల సాయంతో బయటపడతారు. నల్లజాతి ఆటగాళ్లు మండిపడ్డాక సెప్టెంబర్లో కంపెనీ క్షమాపణ చెప్పి ఆ భాగం తీసేసింది. రెండేళ్ల కిందటి ప్రకటన ఏమైంది? తెలివీ దొరే ఇవ్వాలి, విడుదలా దొర శిష్యులే ఇవ్వాలి అనే కథ అలవాటుగా మళ్లీ వచ్చేసింది. ప్రకటన మారింది గానీ రాసే గదిలో మనుషులు చాలినంత మారలేదు.

ఇక మన రాక్షసుడి సంగతి. 1977 నాటి ఈ ఆట రాకాసుల పుస్తకంలోనే 'రాక్షస' ఉన్నాడు. భారతదేశపు దుష్టశక్తి, పులి తల, వెనక్కి తిరిగిన అరచేతులు. 2025 పుస్తకంలో ఓర్కులకీ డ్రౌలకీ రాకాసుల వరసలో చోటు తీసేశారు, వాళ్లూ జనమే కాబట్టి. రాక్షసుడు మాత్రం అక్కడే ఉన్నాడు. ఆ పేరు వెనకా జనం ఉన్నారని జోతిబా ఫూలే 1873లో 'గులాంగిరీ'లో రాశాడు. తెలుగులో త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో 'శంబుక వధ' రాశాడు. ఇన్నేళ్లయినా అక్కడ ఈ ప్రశ్న వేసేవాళ్లు తక్కువ. అమెరికా చేరిన మన దేశీయుల్లో పైకులాలవాళ్లే ఎక్కువ. దేవుళ్ల గౌరవం గురించి అక్కడ అర్జీలు వెళతాయి. రాక్షసుడి తరఫున అర్జీ ఎవరు పెడతారు?

పాత అభిమానులతో మా తగువు వాళ్ల ఆట మీద ప్రేమ గురించి కాదు. ఆ ప్రేమలో పుట్టుక లెక్క కూడా భాగమే అంటే మాత్రం ఒప్పుకోం. కంపెనీతో తగువు వేరు. మాట తుడిచి, కలం తన దగ్గరే పెట్టుకుంటే అది మార్పు కాదు. ఇది చదివే ఉపాధ్యాయ మిత్రులకి ఒక మాట. మీ బళ్లో ఈసారి నాటకం వేయించేటప్పుడు మసి ఎవరి మొహానికి పూస్తున్నారో చూడండి. వీలైతే ఆ పిల్లల్నే నాటకం రాయమనండి. ఏం రాశారో మాకు పంపండి, చర్చిద్దాం.