ఖాళీ గడి పలికే మాట

జంషెడ్‌పూర్ చెంతనున్న గోవింద్‌పూర్‌లో ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. ఉక్కు కర్మాగారాల కొలువులకై తెలుగువారు తరతరాలుగా తరలివచ్చిన ప్రాంతమది. ఇంటి యజమాని తన కుమారుని ఉపకార వేతనానికై కంప్యూటరుపై దరఖాస్తు నింపుతున్నారు. ‘సంపాదనపరులైన ఇతరులు ఎందరు?’ అన్నచోట ‘0’ వేశారు. ‘ఇతర ఆదాయం’ గడిని, లెక్క తేలక, వదలివేశారు. ‘వసతి గృహం కావలెను’ అన్న గడిలో టిక్కు పెట్టలేదు. ‘పంపు’ మీట నొక్కారు.

ఆఫీసులో గుమాస్తా అయితే, “ఇది వదిలేశారేమండీ?” అని అడిగి ఉండేవాడు. యంత్రానికి ఆ వివేకం లేదు. దానిని ప్రోగ్రాము వ్రాసేవారే ప్రసాదించాలి.

ఆ మూడు గడులూ మూడు విధాలుగా ప్రయాణం చేస్తాయి. ‘0’ సమాధానంగానే చేరుతుంది. వదలివేసిన గడి తన పేరుతో, కాని వట్టి చేతులతో చేరుతుంది. టిక్కు పెట్టని గడి అసలు బయలుదేరనే బయలుదేరదు. సర్వరుకు దాని పేరైనా అందదు.

ఇక్కడే ప్రమాదం పొంచి ఉంది. పి.హెచ్.పి. భాషలో ‘ఎంప్టీ’ అనే పరీక్ష ‘0’ను సైతం ఖాళీగానే ఎంచుతుంది. అప్పుడు నిజం చెప్పిన తండ్రికి “మీరు సమాధానమీయలేదు” అన్న మందలింపు ఎదురవుతుంది. అదే భాషలో ఖాళీ గడిని అంకెగా మార్చితే సున్న వస్తుంది. ‘తెలియదు’ కాస్తా ‘ఏమీ లేదు’గా మారిపోతుంది. రేపు విచారణ జరిగితే, ఆ తండ్రి చెప్పని అబద్ధానికి ఆయనే బాధ్యుడవుతాడు!

ఇది వట్టి భయం కాదు. కంప్యూటరు పరిభాషలో విలువ లేదని తెలిపే మాట ‘నల్’. కాలిఫోర్నియాలో ఒకాయన ముచ్చటపడి తన కారు నంబరు పలకపై ఆ మాటనే వేయించుకున్నాడు. నంబరు గడి ఖాళీగా మిగిలిన ఇతరుల జరిమానాలు ఆయన నెత్తిన పడ్డాయి. 2019లో వెల్లడైన ఈ ఉదంతంలో ఆ మొత్తం సుమారు 12,000 డాలర్లు!

నివారణ కష్టమైనది కాదు. సర్వరులోని స్క్రిప్టు మొదట గడి పేరు చేరిందా అని చూడాలి. పిదప అటూ ఇటూ ఉన్న ఖాళీ జాగాలను తొలగించి, అక్షరమేదైనా మిగిలిందా అని చూడాలి. ఆ తరువాతనే అంకెగా మార్చాలి. తప్పనిసరి గడి ఖాళీగా ఉంటే, తక్కిన సమాధానాలను చెరపకుండా దరఖాస్తును తిరిగి చూపాలి. ఐచ్ఛికమైతే సున్న వేయక ‘నల్’గా భద్రపరచాలి. ముఖ్యమైన ప్రశ్నకు ‘అవును’, ‘కాదు’ రెండింటినీ ఎదుట ఉంచాలి. అప్పుడు మౌనం మౌనంగానే మిగులుతుంది. బ్రౌజరు ముందే పరీక్షించినదిలే అని ఊరుకోరాదు. ఆ పరీక్షను దాటి రావడం సులభం.

మౌనం అర్ధాంగీకారమని పెద్దల మాట. దరఖాస్తుల విషయంలో మాత్రం మౌనం అంగీకారమూ కాదు, నిరాకరణా కాదు. అది ఇంకా అడుగవలసిన ప్రశ్న. గోవింద్‌పూర్‌లోని ఆ బాలుని చదువు ఒక్కొక్కప్పుడు ఆ ప్రశ్న అడగడంపైనే ఆధారపడి ఉంటుంది.